బ్యాచిలర్ పార్టీకి ఎనిమిది మందిమి బయల్దేరి ఏడుగురమే వెళ్ళాం, ఇప్పుడు వాడు మాట్లాడట్లేదు

పెళ్ళికొడుకు_పాలకొల్లు

అందరికీ నమస్కారం అండి. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. శ్రావణంలో నా పెళ్ళి, ఇంకా 19 రోజులే ఉంది. ఆషాఢంలో ఎలాగూ ముహూర్తాలుండవు, టికెట్లు కూడా తక్కువకి వస్తున్నాయని ఫ్రెండ్సందరం కలిసి థాయిలాండ్ వెళ్దామనుకున్నాం. ఎనిమిది మందిమి, ఐదు రోజులు, పట్టాయా. మనిషికి 41 వేలు. వీసా కూడా అక్కర్లేదు కదా అని పెద్దగా ఆలోచించలేదు.

ఆ ఎనిమిది మందిలో ఒకడి గురించే ఈ పోస్టు. వాడూ నేనూ ఒకటో క్లాసు నుంచి ఒకే బెంచీ. వాళ్ళ నాన్న కొబ్బరి దింపు తీసేవాడు, చెట్టు మీంచి పడి చనిపోయాడు, అప్పుడు వీడు ఎనిమిది చదువుతున్నాడు, అక్కడితో బడి మానేశాడు. ఇప్పుడు రొయ్యల చెరువు మీద ఉంటాడు, మేత వేయడం, ఏరియేటర్లు చూడటం, రాత్రి కాపలా అన్నీ వాడే. 41 వేలంటే వాడికి చిన్న మాట కాదు. నీది నేను పెడతాన్రా అంటే ఒప్పుకోలేదు, నీ పెళ్ళికి నా డబ్బులతో నేను రాకపోతే ఎలా అని చెరువు ఆసామి దగ్గర అడ్వాన్స్ తీసుకుని మరీ ఇచ్చాడు. పాస్‌పోర్ట్ అంతకుముందే ఉంది, నాలుగేళ్ళ క్రితం మస్కట్ వెళ్దామని తీయించుకున్నాడు, వాళ్ళమ్మ ఏడిస్తే ఆగిపోయాడు.

నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్ళాం. అందరికీ ఒకేలాంటి టీషర్టులు భీమవరంలో ప్రింట్ చేయించాం, వెనకాల నా పేరు, పెళ్ళి తేదీ. శంషాబాద్‌లో బ్యాగులు తూకం వేస్తే వాడిది బరువెక్కువైంది, వాళ్ళమ్మ పంపిన కొత్తావకాయ సీసా తీసి నా బ్యాగులో పెట్టుకున్నా. అక్కడి తిండి మాకు పడదని మా అందరి కోసం పెట్టింది ఆవిడ, మూతకి గుడ్డ కట్టి పైన రెండు కవర్లు చుట్టి.

ఇమిగ్రేషన్ దగ్గర తలో కౌంటర్‌కీ వెళ్ళిపోయాం. నాది రెండు నిమిషాల్లో అయిపోయింది. వాణ్ణి మాత్రం పక్కన కూర్చోమన్నారంట. పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ఉంది కదా, ఎందుకెళ్తున్నావ్ అన్నారంట. ఏ హోటల్ అంటే తెలీదన్నాడు. రిటర్న్ టికెట్ ఏదంటే ఫ్రెండ్ ఫోన్లో ఉందన్నాడు. ఏం పని చేస్తావంటే చెరువు మీద ఉంటానన్నాడు. డబ్బులెన్ని ఉన్నాయంటే జేబులో ఉన్న 1500 బాట్లు చూపించాడు, మిగతావన్నీ నా దగ్గరే, అందరివీ కలిపి నేనే మార్పించాను. బుకింగులన్నీ నా పేరు మీదే, నా ఫోన్లోనే.

మేం అప్పటికి గేటు దగ్గర ఫోటోలు దిగుతున్నాం. వాడు వెనకాల వస్తున్నాడులే అనుకున్నాం. ఫోన్ చేసి, నన్ను వెనక్కి పంపేస్తున్నార్రా అన్నాడు. నాకు కాళ్ళు ఆడలేదు. వాడే మళ్ళీ, నా మూలంగా మీ అందరిదీ పాడవకూడదు, మీరెళ్ళిపోండ్రా అన్నాడు. బోర్డింగ్ మొదలైంది. వెనక్కి వెళ్ళి ఆఫీసర్‌తో మాట్లాడి ఉంటే ఏమయ్యేదో నాకు తెలీదు కానీ నేను వెళ్ళలేదు. ఫోన్లోనే సరేరా జాగ్రత్తరా అని చెప్పి ఫ్లైట్ ఎక్కేశాను. నిద్ర పట్టనివ్వంది ఇదే.

పట్టాయా సంగతి ఏం చెప్పమంటారు. మూడు రోజులు వాన. కో లార్న్ దీవికి పడవ ఎక్కుదామని రేవు దాకా వెళ్ళి, అలలు చూసి వెనక్కి వచ్చేశాం. మాలో ఒకడు జెట్‌స్కీ ఎక్కితే, తిరిగొచ్చాక కింద గీత పడిందని వాళ్ళు నలుగురు చుట్టూ నిలబడి 10 వేల బాట్లు అడిగారు, బతిమాలి 6 వేలకి ఒప్పించాం, మన డబ్బుల్లో 15 వేల పైమాటే. రెండో రోజు రాత్రి రూంలో ఎవరో ఆవకాయ సీసా తీశారు. మూత విప్పారు, ఆ వాసన వచ్చింది, ఎవ్వరం అన్నంలో వేసుకోలేదు. మళ్ళీ మూత పెట్టేశాం.

వాడు ఊరు వెళ్ళలేదండి. కూకట్‌పల్లిలో మా ఊరి అబ్బాయి రూంలో ఐదు రోజులూ ఉండిపోయాడు. ఎందుకంటే మా అబ్బాయి విమానం ఎక్కుతున్నాడని వాళ్ళమ్మ వీధంతా చెప్పుకుంది. మేం దిగాక మాతోపాటే రైలెక్కాడు, అదే టీషర్ట్ వేసుకుని. కానీ మావాళ్ళు అప్పటికే స్టేటస్‌లు పెట్టేశారు, ఏ ఫోటోలోనూ వీడు లేడు. ఊళ్ళో తెలిసిపోయింది. టీకొట్టు దగ్గర ఎవడో, ఏరా థాయిలాండ్ కూకట్‌పల్లి దాకా వచ్చిందా అన్నాడంట.

అప్పట్నుంచి వాడు నా ఫోన్ ఎత్తట్లేదు. ఒక్కసారి ఎత్తి, పెళ్ళికి భోజనాల టైంకి వస్తాలేరా అని పెట్టేశాడు. పెళ్ళిపందిరి రాట దగ్గర్నుంచి నా పక్కనే ఉండాల్సినోడు భోజనానికి వస్తానన్నాడు.

నేను అడిగేది ఏంటంటే, అసలు వాణ్ణి ఎందుకు ఆపారు, మళ్ళీ ఎప్పుడూ వెళ్ళలేడా? టికెట్ డబ్బుల్లో ఏమన్నా వెనక్కి వస్తాయా? మిగతా ఫ్రెండ్స్, టికెట్టూ రూమూ ఎలాగూ పోయాయి, మనమెందుకు ఇవ్వాలి అంటున్నారు, నాకైతే మొత్తం ఇచ్చెయ్యాలని ఉంది. ఇస్తే వాడు తీసుకుంటాడా, ఎలా ఇవ్వాలి? ఫోన్‌పే చేద్దామని రెండుసార్లు నంబర్ కొట్టి ఆగిపోయాను.

రాజోలు_మస్కట్

తమ్ముడూ, మాది చించినాడ వంతెన దాటితే అవతలిపక్క. నేను 14 ఏళ్ళు మస్కట్‌లో డ్రైవింగ్ చేసి వచ్చినోణ్ణి, ఈ ఈసీఆర్ సంగతి నాకు బాగా తెలుసు, నాదీ మొదట్లో అదే పాస్‌పోర్ట్.

టెన్త్ పాసవ్వనోళ్ళకి పాస్‌పోర్ట్‌లో ఈసీఆర్ అని పడుతుంది. అంటే ఉద్యోగానికి 18 దేశాలకి వెళ్ళాలంటే ముందు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి, 1983 చట్టం అది. ఏజెంట్లు చదువుకోని వాళ్ళని తీసుకెళ్ళి అక్కడ వదిలెయ్యకుండా పెట్టింది. మనోళ్ళు కువైట్, మస్కట్, సౌదీ, దుబాయ్ వరకే అనుకుంటారు, ఆ లిస్టులో థాయిలాండ్, మలేషియా, ఇండోనేషియా కూడా ఉన్నాయి. పనికి కాకుండా టూర్‌కి వెళ్ళేవాడికి ఆ క్లియరెన్స్ అక్కర్లేదు. కాబట్టి మీవాడు వెళ్ళకూడదని రూలేం లేదు. కాకపోతే ఇది టూరే అని కౌంటర్ దగ్గర నమ్మించాల్సింది మనం. రిటర్న్ టికెట్, హోటల్ కాగితం, చేతిలో ఖర్చుకి డబ్బు, ఎన్ని రోజులు ఎక్కడెక్కడ అంటే తడుముకోకుండా చెప్పడం. మీవాడి దగ్గర వీటిలో ఒక్కటైనా ఉందా?

ఆఫీసర్ వైపు నుంచి కూడా చూడు. పాతికేళ్ళ కుర్రాడు, మొదటిసారి విమానం, ఈసీఆర్, హోటల్ తెలీదు, టికెట్ వేరేవాడి దగ్గర ఉంది, డబ్బు వేరేవాడి దగ్గర ఉంది. ఇవే మాటలు కంప్యూటర్ మోసాల ముఠాలకి అమ్ముడుపోయిన పిల్లలూ చెప్తారు. ఉద్యోగమని బ్యాంకాక్‌లో దింపి అక్కణ్ణుంచి మయన్మార్ సరిహద్దు దాటించేస్తారు. 2025 మార్చిలో మన ఎయిర్‌ఫోర్స్ విమానాలు రెండు విడతల్లో 549 మందిని అక్కణ్ణుంచి వెనక్కి తెచ్చాయి. అంతకుముందు ఏడాది వైజాగ్ పోలీసులు ఇలాగే పిల్లల్ని కంబోడియాకి పంపిన కేసు పట్టుకున్నారు, అందులో మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల పిల్లలకి వల వేసే ఏజెంట్ల తీరంతా బయటపడింది. అందుకే ఇప్పుడు గట్టిగా అడుగుతున్నారు.

నిన్ను బాధపెట్టాలని కాదుగానీ తమ్ముడూ, తప్పు అక్కడే జరిగింది. అందరి కాగితాలూ నీ ఫోన్లో పెట్టుకుని, ఎనిమిది చదివిన వాణ్ణి ఒక్కణ్ణీ కౌంటర్‌కి పంపించావు. మేం కొత్తవాళ్ళని తీసుకెళ్ళేటప్పుడు ముందు వాణ్ణి నిలబెట్టి మనం వెనకాల ఉంటాం. వాడు దాటాకే మనం దాటేది.

భీమవరం_టికెట్స్

నేను టికెట్లు, టూర్ల పని చేస్తాను. డబ్బుల వరకు చెప్తా. మీ ఫ్రెండ్‌ది నో-షో (టికెట్ ఉండీ ఎక్కనోళ్ళు) కింద పడిపోయి ఉంటుంది, బేస్ ఫేర్, అంటే టాక్సులు కాకుండా అసలు టికెట్ ధర రాదు. కానీ వాడని టికెట్‌లో గవర్నమెంటు టాక్సులు, ఎయిర్‌పోర్ట్ యూజర్ ఫీజు లాంటివి ఎయిర్‌లైన్ ఉంచేసుకోకూడదు, నాన్-రిఫండబుల్ టికెట్ అయినా సరే వెనక్కి ఇవ్వాలని విమానాల మీద అజమాయిషీ చేసే డీజీసీఏ రూల్. అడగనోళ్ళకి వాళ్ళంతట వాళ్ళు పిలిచి ఇవ్వరు. బుక్ చేసినవాళ్ళ ద్వారానే పీఎన్ఆర్ (బుకింగ్ నంబర్) పెట్టి ఆ ఒక్క ప్యాసింజర్‌కి నో-షో టాక్స్ రిఫండ్ అని రిక్వెస్ట్ పెట్టండి, రిటర్న్ టికెట్ కూడా వాడలేదు కాబట్టి దానిమీదవీ అడగండి. పెద్ద మొత్తం రాకపోవచ్చు, అయినా వాడి డబ్బు అది.

ఇంకోటి, ముందు ముందు వెళ్ళేవాళ్ళు చదువుతారని రాస్తున్నా. 2025 మే 1 నుంచి థాయిలాండ్ వెళ్ళే ప్రతి ఒక్కళ్ళూ డిజిటల్ అరైవల్ కార్డ్ నింపాలి, దిగే రోజుకి మూడు రోజుల ముందు నుంచి నింపొచ్చు, పూర్తిగా ఫ్రీ, డబ్బులడిగే సైట్ వస్తే అది వాళ్ళది కాదు. గ్రూప్‌లో ఎంతమంది ఉంటే అన్ని సెట్లు ప్రింట్ తీయించండి, ఒక్కో సెట్టూ పది రూపాయల పని. మా దగ్గర బుక్ చేసినోళ్ళకి హోటల్ పేరు ఒక చీటీ మీద తెలుగులో కూడా రాసి పాస్‌పోర్ట్‌లో పెట్టి పంపిస్తాను. జెట్‌స్కీ గొడవ అక్కడ పాతదే, ఎక్కే ముందే చుట్టూ వీడియో తీసుకోవాలి, పాస్‌పోర్ట్ తాకట్టుగా ఇవ్వకూడదు, గొడవైతే 1155కి ఫోన్ చెయ్యాలి, అది టూరిస్ట్ పోలీస్ నంబర్.

తణుకు_మావా

బ్రో, నాకైతే మీరు అతిగా ఫీలవుతున్నారనిపిస్తోంది. వాడే వెళ్ళమన్నాడు కదా. ఏడుగురి డబ్బులు మూడు లక్షలు దగ్గర దగ్గర, అందరూ ఆగిపోతే ఎవరికి లాభం? నీ పెళ్ళి పనులు చూసుకో, వాడే చల్లబడతాడు.

లంకలో_ఇల్లు

తణుకు అన్నా, వెళ్ళమన్నాడు కాబట్టి వెళ్ళిపోవచ్చు అనుకుంటే వాడెందుకు మాట్లాడట్లేదు మరి? ఇంట్లో అన్నం తక్కువుంటే నాకు ఆకల్లేదు అంటాం చూడండి, ఆ మాట అలాంటిది. నాకూ ఒకసారి ఇలాగే అయ్యింది, గోవా ట్రిప్‌కి రాజమండ్రి స్టేషన్‌లో నాకు జ్వరం 103, మీరెళ్ళండి అన్నాను, అందరూ వెళ్ళిపోయారు. ఒక్కడు మాత్రం దిగిపోయి నన్ను ఆటోలో ఇంటికి తీసుకొచ్చాడు. ఆ వెళ్ళినోళ్ళ మీద నాకు కోపం లేదు, నిజంగా లేదు. కానీ ఇప్పుడు నా ఇంట్లో ఏది జరిగినా మొదటి ఫోను ఆ దిగినోడికే వెళ్తుంది. ఏడుగురూ ఆగక్కర్లేదు, ఒక్కడు ఆగాల్సింది. పెళ్ళికొడుకు ఆగలేకపోతే ఇంకొకడైనా.

ఆచంట_అక్క

బాబూ, నేను నీకంటే పెద్దదాన్ని, ఇద్దరు మగపిల్లల తల్లిని, అందుకని చెప్తున్నా. అందరూ టికెట్ గురించీ పాస్‌పోర్ట్ గురించీ చెప్పారు. నువ్వు ఆ తల్లి గురించి ఆలోచించావా? భర్త పోయాక పిల్లాణ్ణి మస్కట్ కూడా పంపకుండా కళ్ళ ముందు ఉంచుకున్న మనిషి, మొదటిసారి మా అబ్బాయి విమానం ఎక్కుతున్నాడని నోరారా చెప్పుకుంది. మీ అందరి కోసం ఆవకాయ పెట్టి పంపింది. నువ్వు తిరిగొచ్చి మూడు వారాలయ్యుంటుంది, ఆ ఇంటి గుమ్మం తొక్కావా? నీ పోస్టులో ఎక్కడా కనపళ్ళేదు.

ఫోన్‌పే చెయ్యకు. చేస్తే ఆ డబ్బు వాడి మొహాన కొట్టినట్టే ఉంటుంది. నీ ఫ్రెండ్స్ గుంపుని వేసుకుని కూడా వెళ్ళకు. మీ అమ్మానాన్నల్ని తీసుకుని, అందరూ ఇళ్ళల్లో ఉండే వేళ చూసుకుని పగలే వెళ్ళు. మీ అమ్మ చేత ఆవిడకి బొట్టు పెట్టించి శుభలేఖ ఇప్పించు, చీర పెట్టండి. వీధి వీధంతా చూడాలి. మాట పడింది వీధిలో కాబట్టి మర్యాద కూడా వీధిలోనే జరగాలి. శుభలేఖ ఇచ్చిన చేత్తో డబ్బు మాత్రం ఇవ్వకు, ఆ రోజు డబ్బు ఊసే ఎత్తకు. డబ్బు సంగతి వేరే రోజు, నువ్వూ వాడూ ఇద్దరే ఉన్నప్పుడు. అడ్వాన్స్ తీర్చేంతైనా తీసుకోమని అడుగు, ఆసామి దగ్గర తల వంచుకోకుండా ఉంటాడు. ముందు మాత్రం నేను వెనక్కి రాలేదురా, రావాల్సింది అని చెప్పు. ఏవేవో కారణాలు చెప్పకు.

ఆ స్టేటస్‌లు పెట్టినోళ్ళు కూడా తలొకరూ వెళ్ళి మాట్లాడాలి. టీకొట్టు దగ్గర ఆ మాట అన్నవాడికి మీలో ఒక్కడైనా సమాధానం చెప్పాడా?

పెళ్ళికొడుకు_పాలకొల్లు

అక్కా, వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలీక వాళ్ళ వీధి తప్పించి చుట్టూ తిరిగి వెళ్తున్నాను. మీరు అడిగేదాకా ఇది నాకే తట్టలేదు. రేపే వెళ్తాం, ఇప్పుడే అమ్మతో చెప్పాను. మస్కట్ అన్నయ్యా, మీరన్నది నిజమే, ఒప్పుకుంటున్నా.

పెళ్ళికొడుకు_పాలకొల్లు

నాలుగు రోజులయ్యింది, ఏం జరిగిందో చెప్తాను.

అమ్మా నాన్నా నేనూ పొద్దున్న పదింటికి వెళ్ళాం. ఆవిడ అరుగు మీద కొబ్బరీనెలు చీరుతోంది. నన్ను చూసి కోపంగా ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధేసింది, కూర్చో నాన్నా మంచినీళ్ళు తెస్తానంది. అమ్మ బొట్టు పెట్టి చీర, శుభలేఖ ఇచ్చింది. పక్కింటివాళ్ళు ఎదురింటివాళ్ళు వచ్చి చూశారు. నాన్న కాస్త గట్టిగానే, మావాడి తప్పు వల్ల మీవాడు ఆగిపోయాడమ్మా, కాగితాలు చేతికివ్వకుండా పంపాడు అని అందరూ వినేలా చెప్పారు. ఆవిడ అప్పుడు ఏడ్చింది. మావాడు ఏదో తప్పు చేస్తే పోలీసులు ఆపారనుకున్నారు బాబూ అందరూ అంది. ఈ సంగతి నాకు అసలు తెలీదు. మేం పట్టాయా గొడవలో ఉంటే ఇక్కడ ఆవిడ ఇది మోసింది.

ఆవకాయ సీసా తీసుకెళ్ళి ఆవిడకిచ్చాను, తినలేకపోయామని చెప్పాను. మూత తీసి చూసి, నూనె తేలి బానే ఉంది, పెళ్ళయ్యాక కోడలికి పెడతాలే అని లోపల పెట్టింది.

వాడు ఇంట్లో లేడు. సాయంత్రం చెరువు దగ్గరికి ఒక్కణ్ణే వెళ్ళాను. చెక్ ట్రే పైకి లాగి మేత ఎంత మిగిలిందో చూస్తున్నాడు, నన్ను చూసి కూడా ఆ పని ఆపలేదు. ట్రేలో నాలుగు రొయ్యలు ఎగురుతుంటే ఒకటి చేత్తో పట్టుకుని వెలుతురికి పెట్టి పేగు నిండిందో లేదో చూశాడు. నేను గట్టు మీద నిలబడి అక్క చెప్పినట్టే చెప్పాను, వెనక్కి రావాల్సిందిరా, రాలేదు అని. ఏరియేటర్ల చప్పుడుకి వినపడలేదేమో అనుకుని మళ్ళీ చెప్పాను. వినపడిందిలే అన్నాడు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, నేను అక్కడ బెంచీ మీద కూర్చుని ఆ గాజు తలుపు వైపే చూశాన్రా, నువ్వొస్తావేమోనని, అన్నాడు. వెళ్ళిపోండి అన్నది కూడా వీడే కదా అని నేను అనలేదు.

డబ్బు మొత్తం తీసుకోనన్నాడు. అడ్వాన్స్ బాకీ వరకు తీసుకున్నాడు, అది కూడా పెళ్ళి తర్వాత ఇవ్వు అంటే నేనే వినలేదు. టాక్స్ రిఫండ్‌కి రిక్వెస్ట్ పెట్టాం, ఇంకా రాలేదు. మాలో ముగ్గురు వాళ్ళింటికి వెళ్ళొచ్చారు, మిగతా ముగ్గురు ఇంకా వెళ్ళలేదు, వాళ్ళతో నేను మాట్లాడుతున్నా. అంతా మామూలైపోయిందని చెప్పను. ఇదివరకట్లా బండెక్కి వెనకాల భుజం మీద చెయ్యి వెయ్యట్లేదు. కానీ నిన్న రాట వేసేటప్పుడు వచ్చాడు, ఎవరూ పిలవకుండానే గడ్డపార తీసుకుని గొయ్యి తవ్వాడు, పందిరికి కొబ్బరాకులు ఎన్ని కావాలో లెక్కేసుకుని వెళ్ళాడు.

రాజోలు_మస్కట్

సంతోషం తమ్ముడూ. ఆ పాస్‌పోర్ట్ సంగతి కూడా వదిలెయ్యకండి. టెన్త్ పాసైతే ఈసీఆర్ తీయించెయ్యొచ్చు, రెగ్యులర్ బడికే వెళ్ళక్కర్లేదు, మన రాష్ట్ర ఓపెన్ స్కూల్‌లో రాసినా టెన్త్ టెన్తే. ఇన్‌కమ్ టాక్స్ కట్టేవాళ్ళకీ, 50 దాటినవాళ్ళకీ కూడా తీసేస్తారు. సర్టిఫికెట్ వచ్చాక భీమవరం పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో రీఇష్యూకి పెట్టించు. నేను మస్కట్‌లో ఉండగా ఎండాకాలం సెలవుల్లో వచ్చి టెన్త్ రాసినవాళ్ళని చూశాను, నలభై ఏళ్ళవాళ్ళు.

పెళ్ళికొడుకు_పాలకొల్లు

అన్నయ్యా, ఇది వాడికి చదివి వినిపించాను. లెక్కలు రావురా అన్నాడు కానీ వద్దనలేదు. మా ఆవిడ కాబోయే ఆవిడ బీఈడీ చేసింది, లెక్కలు నేను చెప్తానంది. పాలకొల్లు, నర్సాపురం సైడు ఓపెన్ టెన్త్ స్టడీ సెంటర్ ఏ స్కూల్లో ఉందో, అడ్మిషన్ ఎప్పుడు తీస్తారో తెలిసినవాళ్ళుంటే చెప్పండి. వాడు చెరువు వదిలి రాత్రిపూట రాలేడు, ఆదివారాలు క్లాసులుండే చోటైతే బాగుంటుంది.